ఈ జాతి నీళ్లెక్కడ తాగుతుంది? మా క్యాంపెయిన్‌కు రేసులు ఎంచుకున్న అనుభవం

తిరుపతిలో మా చిన్న గుంపు చాలాకాలంగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతోంది. ఇన్నాళ్లూ అచ్చులో దొరికే కథలే ఆడాం. మంచు కోటలు, ఓడరేవులు, సత్రాలు. ఈసారి మన కొండల్లాంటి కొండలు, మన ఎండల్లాంటి ఎండలు ఉన్న లోకాన్ని సొంతంగా కట్టి ఆడిద్దామని నేను పట్టుబట్టాను. ఎర్రచందనం అడవి, వానొస్తే తప్ప పారని ఏరు, గుట్ట కింద పాడుబడ్డ కోట, ఊరికో చెరువు. మ్యాపు గీయడానికి పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు. శేషాచలం అంచులు, చంద్రగిరి దుర్గం, స్వర్ణముఖి ఇసుక చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. అసలు పని ఆ తర్వాత మొదలైంది. ఈ లోకంలో ఆటగాళ్లు ఎవరై పుట్టొచ్చు?

ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికాలో ఈ ఆటను అచ్చేశారు. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర అవుతారు. వారాల తరబడి సాగే ఆ కథనే క్యాంపెయిన్ అంటారు. ఏ పని ఫలిస్తుందో, ఏది బెడిసికొడుతుందో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పాత్ర తయారుచేసేటప్పుడు ముందుగా చూసుకునే వాటిలో రేస్, అంటే ఆ పాత్ర పుట్టిన జాతి, ఒకటి. 2014 నాటి నియమాల పుస్తకంలో తొమ్మిది రేసులున్నాయి: మనుషులు, ఎల్ఫ్‌లు, డ్వార్ఫ్‌లు, హాఫ్లింగ్‌లు, గ్నోమ్‌లు, డ్రాగన్‌బోర్న్, టీఫ్లింగ్‌లు, సగం ఎల్ఫ్‌లు, సగం ఓర్క్‌లు. 2024 పుస్తకంలో ఆ సగం సగం రెండూ పోయి, ఓర్క్, గోలయత్, ఆసిమార్ వచ్చి చేరాయి. మధ్యలో వచ్చిన పుస్తకాలన్నీ కలుపుకుంటే జాబితా చాంతాడంత అవుతుంది.

అన్నీ తెరిచిపెట్టొచ్చు కదా అని చాలామంది అంటారు. ఆటగాళ్లకు స్వేచ్ఛ కావాలన్న మాట నిజమే. కానీ నలుగురు నాలుగు ఊరూపేరూ లేని జాతుల్లోంచి వచ్చి కూర్చుంటే, వాళ్లలో ఎవరికీ ఆ లోకంలో సొంత ఊరు ఉండదు. పెళ్లికి పిలిచే చుట్టం ఉండడు, పగబట్టే దాయాది ఉండడు. నాకు అది నచ్చదు. నాలుగే ఇచ్చినా ఫర్వాలేదు, ఒక్కో జాతికీ మ్యాపులో చోటు ఉండాలి, పక్కవాళ్లతో ఏదో ఒక లెక్క తేలకుండా ఉండాలి.

అందుకని ఒక ప్రశ్న పెట్టుకున్నాను. ఈ జాతి నీళ్లెక్కడ తాగుతుంది?

రాయలసీమలో పుట్టినవాడికి ఈ ప్రశ్న ఎవరూ నేర్పక్కర్లేదు. నీళ్లు ఎక్కడున్నాయో తెలిస్తే ఊరు ఎక్కడుందో తెలుస్తుంది. ఊరు తెలిస్తే ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో, ఎవరికి ఎవరంటే గిట్టదో తెలుస్తుంది. ఈ ప్రశ్నకు జవాబు లేని జాతి ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయాలని నిర్ణయించుకుని మా వాళ్లను అడిగాను.

మా గుంపులో నలుగురు ఆటగాళ్లు. ఇంజినీరింగ్ చదివే మేనల్లుడు, మా చెల్లెలు, కుప్పం నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న స్నేహితుడు, రిటైరైన తెలుగు మాస్టారు. ఆదివారాలు బైరాగిపట్టెడలో మా మిద్దె మీద గదిలో కూర్చుంటాం. ఎవరికేం కావాలో కాగితం మీద రాసిమ్మన్నాను. మేనల్లుడు 'రెక్కలు' అని రాశాడు. చెల్లెలు 'రూపం మార్చుకునేది ఏదైనా' అని రాసింది. స్నేహితుడు డ్వార్ఫ్ అన్నాడు. మాస్టారు కాగితం ముట్టుకోకుండానే, "మనిషిగా ఉండనీ నాయనా, అదే ఇంకా పూర్తిగా తెలియలేదు" అన్నారు.

ఎల్ఫ్‌లను ఎవరూ అడగలేదు, నేనూ వెతకలేదు. మన అడవి ఎండాకాలం ఆకు రాల్చి నిలబడే అడవి. పచ్చటి తడి అడవుల కోసం పుట్టిన జాతిని ఇక్కడికి లాక్కొస్తే దాని అందమూ పోతుంది, మన అడవి అందమూ పోతుంది. ఆయుర్దాయం ఇంకో చిక్కు. పుస్తకం ప్రకారం ఎల్ఫ్ 750 ఏళ్లు బతకొచ్చు, డ్వార్ఫ్ సుమారు 350 ఏళ్లు. నా కథలో కోట ఎవరు కట్టారు, ఎందుకు వదిలేసి పోయారు అన్నదే పెద్ద రహస్యం. ఏడొందల ఏళ్ల తాత ఒకడు అరుగు మీద కూర్చుని ఉంటే ఆయన్ని అడిగితే సరిపోతుంది, ఇక కోటలోకి దిగడం దేనికి? కాబట్టి మా లోకంలో అందరికీ మనుషుల ఆయుష్షే. పోయిన కరువు గుర్తున్నవాళ్లు ఊళ్లో ఇద్దరో ముగ్గురో మిగిలి ఉండాలి. ఆ ముసలివాళ్ల మాటకు విలువ అప్పుడే వస్తుంది.

తర్వాత చీకటి సంగతి. 2014 పుస్తకంలోని తొమ్మిది రేసుల్లో ఆరింటికి చీకట్లో చూపు ఉంటుంది. మనుషులకు, హాఫ్లింగ్‌లకు, డ్రాగన్‌బోర్న్‌కు తప్ప అందరికీ. సొరంగంలోకి దిగిన గుంపులో ముగ్గురికి అరవై అడుగుల దాకా కనిపిస్తుంటే దివిటీ ఎవరు పట్టుకుంటారు? నూనె అయిపోతోందన్న టెన్షన్ ఎవరికుంటుంది? ఆ భయం నాకు చాలా ముఖ్యం. చీకట్లో చూపును పూర్తిగా తీసేశాను.

ఇది విని స్నేహితుడి ముఖం చిన్నబోయింది. డ్వార్ఫ్ అంటేనే భూమి లోపలి మనిషి, వాడికి చూపు లేకపోతే ఎట్లా అన్నాడు. అప్పుడే గని గురించి మాట్లాడుకున్నాం. కుప్పానికి సరిహద్దు అవతలే కోలార్ బంగారు గనులు. 1880ల్లో బ్రిటిష్ కంపెనీ పెద్ద ఎత్తున తవ్వకం మొదలుపెట్టింది, 2001లో గనులు మూతపడ్డాయి. అప్పటికి లోతు మూడు కిలోమీటర్లు దాటింది. "మా తాత ఆడ పనిచేసినోడన్నా," అన్నాడు. "గని మూసేసినాక కూడా షిఫ్టు సైరన్ టైముకే లేచి కూర్చుంటా ఉండె. యాడికి పోవాల్నో తెలీదు, అయినా చొక్కా వేసుకుంటా ఉండె."

ఆ మాటతో మా డ్వార్ఫ్‌లు మారిపోయారు. గడ్డాలు, గొడ్డళ్లు, కొండల కింది రాజ్యాలు అన్నీ పక్కకు పోయాయి. మిగిలింది గని మూతపడి పైకి వచ్చేసిన జనం. వాళ్లను 'గనివాళ్లు' అని పిలుచుకున్నాం. వాళ్లకు చీకట్లో కనిపించదు, కానీ రాతి మీద అరచెయ్యి ఆనిస్తే అవతల ఎవరు నడుస్తున్నారో తెలుస్తుంది. 2024 పుస్తకంలో డ్వార్ఫ్‌లకు ఇలాంటి శక్తి ఉంది: రాతి మీద ఉన్నప్పుడు పది నిమిషాల పాటు అరవై అడుగుల దాకా కదలికలు తెలుస్తాయి. దాన్ని తీసుకుని ఒక షరతు పెట్టాను. చెయ్యి రాతిమీదే ఉంచాలి, ఆ చేత్తో ఇంకే పనీ చేయకూడదు.

మరి నీళ్లు? గని పనిచేసినన్నాళ్లూ లోపలికి ఊరే నీటిని తోడి పోస్తూనే ఉండాలి. తోడటం ఆపేస్తే సొరంగాలు నిండిపోతాయి. కోలార్‌లోనూ మూసిన గనుల్లో నీళ్లు నిండాయి. ఇది రాసుకుంటుంటే నాకు ఒళ్లు జలదరించింది. పైన చెరువులు నెర్రెలు విచ్చాయి, కింద గనివాళ్ల పాత ఇళ్లు నీళ్లలో మునిగి ఉన్నాయి. ఆ నీళ్లు పైకి తెస్తే ఊళ్లు బతుకుతాయి, కానీ దారి తెలిసినవాళ్లు గనివాళ్లే, వాళ్లకేమో ఆ చోటు శ్మశానంతో సమానం. క్యాంపెయిన్ మొత్తానికి వెన్నెముక జాతుల జాబితా రాస్తుండగా దొరికింది.

మేనల్లుడి రెక్కల దగ్గర గట్టిగానే వాదన జరిగింది. ఆటలో ఆరకోక్రా అనే పక్షి జాతి ఉంది. 2015లో వచ్చిన నియమాల్లో వాళ్లు మొదటి లెవెల్ నుంచే ఒక్కో వంతులో యాభై అడుగులు ఎగరగలరు. మామూలు మనిషి నడిచేది ముప్పై. "గరుడ జాతి పెట్టు మామా, మన ఊరికి అంతకంటే ఏం కావాల," అన్నాడు. వాడి ఉత్సాహం చూస్తే కాదనబుద్ధి కాలేదు. అయినా కాదన్నాను. కోట గోడ, లోయ, వరద వచ్చిన వంక, మొదటి నెలల్లో ఆటంతా వీటిని దాటడమే. ఒకడు ఎగిరిపోతే మిగతా ముగ్గురూ కింద నిలబడి చూడాలి. పైగా బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు మాడవీధుల్లో నిలబడి దండం పెట్టుకునే ఊళ్లో ఆ పేరును పాచికల మీదికి తేవడానికి మనసొప్పలేదు.

అదే కారణానికి వానరులనూ వద్దనుకున్నాను. అంజనాద్రే హనుమంతుడి జన్మస్థలమని తిరుమల తిరుపతి దేవస్థానం 2021 శ్రీరామనవమి నాడు ప్రకటించింది. ఆ కొండ మా మిద్దె మీద నుంచి కనిపించే వరుసలో ఉంది. కింద గదిలో అమ్మ సుందరకాండ పారాయణం చేస్తుంటే పైన వానరుడు తోక ఊపి జోకులేయడం నాకు సరిపడదు. దేవుళ్లు, దేవుళ్ల వాహనాలు, దేవుళ్ల పరివారం ఆటలోకి రారు. ఈ గీత ముందే గీసుకుంటే తర్వాత ఎవరి మనసూ నొచ్చుకోదు.

నాగులు మాత్రం వచ్చారు. ఆదిశేషుడితో సంబంధం పెట్టకుండా, చెరువు గట్ల మీద రావి, వేప చెట్ల కింద ప్రతిష్ఠించే నాగరాళ్ల నుంచి తీసుకున్నాను. నీటి ప్రశ్నకు వాళ్లంత మంచి జవాబు ఇంకెవరూ ఇవ్వలేదు. మా నాగులకు భూమి కింద నీళ్లు ఎక్కడున్నాయో తెలుస్తుంది. అందుకే ప్రతి ఊరూ ఒక నాగుణ్ని దగ్గర పెట్టుకోవాలని చూస్తుంది. మర్యాద చేసి పెట్టుకునే ఊళ్లున్నాయి, గొలుసు వేసి పెట్టుకునే ఊళ్లూ ఉన్నాయి. కాళ్లు ఉండాలా, పాము తోకే ఉండాలా అని మేనల్లుడు చాలాసేపు లెక్కలేశాడు. తోక ఉంటే నిచ్చెన ఎక్కడం ఎట్లా, గుర్రం మీద కూర్చోవడం ఎట్లా, దొరికిన మాయ చెప్పులు ఎవరికివ్వాలి? చివరికి రెండు కాళ్లు, వీపు నిండా పొలుసులు అని ఖాయం చేశాం. అసలు ఆటలో యువాన్‌టి అనే పాము జాతి ఉంది. 2016 పుస్తకంలో వాళ్లకు విషం అసలు ఎక్కదు, మంత్రాల నుంచి కూడా తప్పించుకునే వీలు ఎక్కువ. ఆ రెండూ ఒకరికే ఇస్తే మిగతావాళ్లకు ఆట చప్పగా ఉంటుంది. నేను విషం దెబ్బ సగానికి తగ్గేట్టు మాత్రమే ఉంచి, మంత్రాల సంగతి తీసేశాను.

యక్షులు కథలో ఉంటారు, ఆటగాళ్ల చేతికి రారు. గుప్తనిధుల కాపలాదారుడు మనం ఎదురుపడాల్సినవాడు. దేవాంగపిల్లిని చూసి అల్లుకున్న పెద్ద కళ్ల 'కొమ్మవాళ్లు' నాకు చాలా ఇష్టమైన జాతి. మంచు బొట్లు నాకి బతుకుతారు, రాత్రిపూట నెమ్మదిగా కొమ్మ మీద నుంచి కొమ్మ మీదికి జరుగుతారు. మా వాళ్లు ఎవరూ తీసుకోకపోవడంతో వాళ్లను అడవిలోనే ఉంచాను.

అసురుల దగ్గర మాస్టారు అందుకున్నారు. ఆటలో ఓర్క్‌ల వంటి జాతులను చాలాకాలం పుట్టుకతోనే చెడ్డవాళ్లుగా రాశారు. 2020లో ఆటను అచ్చేసే కంపెనీయే, ఇకపై ఓర్క్‌లను, డ్రౌ అనే చీకటి ఎల్ఫ్‌లను అట్లా ఒకే మూసలో చూపించబోమని చెప్పింది. మాస్టారికి ఆ సంగతి చెబితే, "ప్రహ్లాదుడు ఎవరి కొడుకు? బలి చక్రవర్తి ఎవరి మనవడు? విభీషణుడు ఎవరి తమ్ముడు? మన కథలు ఆ లెక్క ఎప్పుడో తేల్చేసినాయి కదా" అన్నారు. అసురులను ఆటలోకి తెచ్చాం. యుద్ధంలో ఓడి, నీళ్లున్న నేలంతా పోగొట్టుకుని మెట్ట వైపుకు నెట్టబడ్డ జనం వాళ్లు. మూడు రోజులు నీళ్లు లేకుండా నడవగలరు. ఆ శక్తి వరంగా వచ్చింది కాదు, తరాల తరబడి దప్పిక వాళ్లకు నేర్పింది.

ఇక్కడే నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన నిర్ణయం తీసుకున్నాను. 2014 నియమాల ప్రకారం డ్వార్ఫ్‌గా పుడితే ఒంటి గట్టితనానికి రెండు పాయింట్లు అదనం, ఎల్ఫ్‌గా పుడితే చురుకుదనానికి రెండు. రెండు పాయింట్లంటే పాచిక మీద ఒకటి కలుస్తుంది, అంటే నూటికి ఐదు పాళ్లు గెలుపు ఎక్కువ. చిన్నదే అనిపిస్తుంది కానీ ప్రతి విసురులోనూ వెంట వస్తుంది. దాంతో మంత్రగాడు కావాలంటే ఫలానా జాతి, కత్తిసాము చేయాలంటే ఫలానా జాతి అని ముందే రాసిపెట్టినట్టు అవుతుంది. పుట్టుకను చూసి పని పంచడం, తెలివి తూచడం మనం ఊళ్లలో చూసింది చాలు. దాన్ని ఆదివారం మధ్యాహ్నం సరదాకు కూడా నేను ఆడించను. 2024 పుస్తకం ఈ పాయింట్లను పుట్టుక నుంచి తీసి పాత్ర గడిపిన బతుకుకు ముడిపెట్టింది. మేమూ అంతే చేశాం. చెరువు తూము కాపలా కాస్తూ పెరిగినవాడికి ఒకటి, ఎడ్లబండి తోలినవాడికి ఒకటి, కోమటి కొట్లో లెక్కలు రాసినవాడికి ఒకటి. అసురుడైనా నాగుడైనా తూము దగ్గర పెరిగితే అదే వస్తుంది.

మాస్టారు ఇంకో హెచ్చరిక చేశారు. అడవిలో తేనె తీసేవాళ్లను, పాములు పట్టేవాళ్లను వేరే జాతిగా రాయొద్దన్నారు. రాస్తే మన పక్కనే బతికే యానాదులను, ఇరుళ్లను మనుషుల లెక్కలోంచి తీసినట్టే అవుతుంది. నాకూ ఆ మాట పూర్తిగా సమ్మతం. మా లోకంలో ఆ పనులన్నీ మనుషులూ చేస్తారు, నాగులూ చేస్తారు. ఏ జాతినీ నిజంగా ఉన్న ఏ జనాన్నీ తలపించేలా రాయకూడదని కాగితం పైన మొదటి వాక్యంగా రాశాను. గనివాళ్లకు కూడా గని పోగొట్టుకున్న బాధనే తీసుకున్నాం, అక్కడి జనం యాసను గానీ వేషభాషలను గానీ ముట్టుకోలేదు.

ఇక చెల్లెలి కోరిక మిగిలింది. రూపం మార్చే జాతి ఆటలో ఉంది, ఛేంజ్‌లింగ్ అంటారు. నేను దాన్నే మన గంగమ్మ జాతర వైపు తిప్పుదామనుకున్నాను. తిరుపతిలో పుట్టి పెరిగిన ఎవరికైనా మే నెలలో ఆ వేషాలు కళ్లలో మెదులుతాయి. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడిని వెతుకుతూ అమ్మవారు రోజుకో వేషం వేసిందని, దొర వేషంలో ఉన్నప్పుడు వాడు బయటపడితే చంపిందని, మర్నాడు మాతంగి వేషంలో వెళ్లి వాడి భార్యను ఓదార్చిందని చెబుతారు.

చెల్లెలు ఒప్పుకోలేదు. "వేషం కట్టేవాళ్లు వేరే జాతి ఎట్లా అవుతారన్నా? మన వీధిలో ఆటో నడిపే ఆయన కడతాడు, బ్యాంకులో పనిచేసే ఆయన కడతాడు. మొక్కుకున్న ప్రతి ఒక్కరూ కట్టచ్చు." అంతే, ఆ జాతిని కొట్టేశాను. దాని బదులు వేషం అన్నది మొక్కుగా మారింది. ఏ జాతివాళ్లైనా మొక్కుకోవచ్చు. మొక్కుకున్నవాళ్లు ముఖానికి రంగు పూసుకుని, ఒక పూట వేరే మనిషిగా చలామణి కావచ్చు. ఆ పూట అబద్ధం ఆడకూడదు, పెట్టిన అన్నం వద్దనకూడదు. అమ్మవారి పేరు వాడలేదు, కథ కూడా వాడలేదు. మొక్కులోని కట్టుబాటు మాత్రం తీసుకున్నాం. మారువేషంలో ఉండి నిజమే మాట్లాడాలన్న నియమం ఆటగాణ్ని ఎంత ఇరకాటంలో పెడుతుందో ఊహించండి. చెల్లెలికి కావాల్సింది అదే.

జాబితా ఖాయం చేసే ముందు ఒక సాయంత్రం చిన్న పరీక్ష ఆట ఆడాం. ఎండిపోతున్న చెరువు, తూము మూయించి కాపలా పెట్టిన పాలెగాడు, తెల్లారేలోగా ఒక బిందెడు నీళ్లు కావాలి. ఒక్కో జాతికి వేరే దారి దొరుకుతుందా, వేరే అడ్డంకి వస్తుందా అని చూడటమే నా ఉద్దేశం. స్నేహితుడి గనివాడు గట్టు రాతికి చెయ్యి ఆనించి, "అవతల ముగ్గురు. ఒకడు కుంటుతాండాడు" అన్నాడు. కుంటివాడి వైపు నుంచి పోదామన్నాడు. మేనల్లుడి నాగుడికి తూము దాకా పోకుండానే గట్టు కింద ఊట తెలిసింది, కానీ నీళ్లు కనిపెట్టే నాగుడని కాపలావాళ్లకు తెలిస్తే బిందెతో పాటు వాణ్నీ పట్టుకుపోతారు. వాడు చెప్పాలా వద్దా అని పాచిక చేతిలో పెట్టుకుని అట్లే ఉండిపోయాడు. రెక్కల మాట ఆ సాయంత్రం ఎత్తలేదు. చెల్లెలు అసుర స్త్రీగా దొర వేషంలో నేరుగా కాపలాదారు దగ్గరికి నడిచింది. "ఎవరు నువ్వు?" అని నేనడిగితే, అబద్ధం చెప్పకూడదు కాబట్టి, "ఈ నీళ్లు ఎవరివో అడగడానికి వచ్చినదాన్ని" అంది. మాస్టారి మనిషి వెనకాల బిందె మోశాడు.

మాస్టారు ఎంచుకున్న మనుషుల జాతి మిగతావాటికంటే తక్కువైపోయిందేమోనని నాకు సందేహం ఉండేది. ప్రత్యేక శక్తి ఏదీ లేదు కదా. మనుషులకు ఒక్కటే ఇచ్చాను: ఏ ఊరికి పోయినా ఎవరో ఒకరు చుట్టమో తెలిసినవాళ్లో తగులుతారు. పాచిక వేసి ఆ చుట్టం మంచివాడా, బాకీ ఉన్నవాడా తేల్చుకోవాలి. ఆయన చాలా సంతోషించారు.

ఇప్పుడు మా కాగితం ఒక్క పేజీ. మనుషులు, నాగులు, గనివాళ్లు, అసురులు. ఒక్కోరికి నాలుగు వాక్యాలు: నీళ్లెక్కడివి, పక్కవాళ్లకు ఏమిస్తారు, పక్కవాళ్ల దగ్గర ఏం తీసుకుంటారు, ఎవరితో మాట్లాడరు. దాని కింద మొక్కుల నియమం. మేనల్లుడితో ఒక ఒప్పందం కూడా రాసుకున్నాం. అసలు ఆటలోనే మంత్రగాళ్లకు ఎగిరే మంత్రం ఐదో లెవెల్‌కు అందుతుంది. అప్పటికి గోడలు, లోయలు దాటే కష్టం అందరికీ తెలిసి ఉంటుంది కాబట్టి, వాడి నాగుడు అప్పుడు ఎగరడం నేర్చుకుంటానంటే నేను అడ్డు చెప్పను. స్నేహితుడు మాత్రం తన గనివాడికి మునిగిపోయిన ఇంటి నంబరు కావాలని అడిగాడు. సొరంగాల మ్యాపు గీసి, ఆ ఇల్లు ఏ మట్టంలో ఉందో గుర్తు పెట్టి, వచ్చే ఆదివారానికి ఇస్తానన్నాను.